ఒక్క మాట కొరకు: బ్రౌను దొర పాఠాన్వేషణము

తాటియాకు మీద గంటముతో తెలుగు వ్రాసిన పూర్వపు లేఖకునకు మాటకును మాటకును నడుమ ఎడము విడుచు అలవాటు లేదు. పద్యము ముగిసినచోట పంక్తి మార్చడు. ఏత్వ ఓత్వములలో హ్రస్వదీర్ఘ భేదము పాటింపడు. పకార వకారముల నడుమ గల సన్నని భేదము గంటపు మొన జారినచో మాసిపోవును. అట్టి ప్రతిని చూచి మరియొకడు ప్రతి వ్రాయును. దానిని చూచి వేరొకడు వ్రాయును. నూరేండ్లు గడచునప్పటికి కవి నోట వెలువడిన పద్యమేదో, లేఖకుల చేతులలో పుట్టిన పద్యమేదో విడదీసి చెప్పగలవారుండరు. 1824లో మచిలీపట్టణమున కుంపిణీ కొలువులో నున్న ఒక యువక ఆంగ్లేయుడు ఈ అరణ్యములో అడుగు పెట్టెను. ఆయనయే చార్లెసు ఫిలిప్పు బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచ్యభాషలయం దభిమానము గలవాడు. కుమారునకు బాల్యముననే హీబ్రూ మొదలగు భాషలతో పరిచయము కలిగించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో శిక్షణము ముగించి బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చెను. ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించెను. ప్రజల భాష నేర్వని అధికారి ప్రజలను పాలింపలేడని గవర్నరు సర్ థామస్ మన్రో దృఢాభిప్రాయము. 1820లో కళాశాల విద్యార్థులకు ఆయన చేసిన బోధ బ్రౌను మనస్సున నాటుకొనెను. ఆ యేడే కడపలో కలెక్టరునకు సహాయకుడుగా తొలి ఉద్యోగము లభించెను. 1822లో మచిలీపట్టణమునకు బదిలీ అయ్యెను.

అబ్బే దుబాయి అను ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమొకటి బ్రౌను చేతబడెను. అందు వేమన ప్రస్తావన కలదు. తెలుగు దేశమున నివసించుచు, తెలుగు చదువుకొనుచున్న తనకు ఈ కవి పేరు ఫ్రెంచివాని పుస్తకము వలన తెలియవలసి వచ్చెనే యని ఆయనకు ఆశ్చర్యము కలిగి యుండవలెను. పండితుల నడిగిన ఫలము లేకపోయెను. వారి దృష్టిలో వేమన కావ్యకర్త కాడు, పామరుల నోట నానువాడు. పామరుల నోటనే నానుచున్నాడు గనుకనే ఆయన పద్యములు బ్రౌనునకు కావలసి వచ్చినవి. వ్రాతప్రతులకై అన్ని దిక్కులకు మనుష్యులను పంపెను. ప్రతులు వచ్చినవి, వానితో చిక్కులును వచ్చినవి.

ఏ రెండు ప్రతులును ఒకదానితో నొకటి సరిపోలవు. ఒకదానిలో మొదటనున్న పద్యము వేరొకదానిలో నడుమ నుండును. మరియొకదానిలో ఉండనే ఉండదు. ఉన్నచోట ఒక మాట మారును, ఒకప్పుడు పాదమే మారును. మకుట మొక్కటే మారనిది. మకుటము తగిలించి ఎవడు ఏ పద్యము చెప్పినను అది వేమన ఖాతాలో పడును. గ్రీకు లాటిను గ్రంథములకును, బైబిలునకును ఐరోపా పండితులు అవలంబించిన విధానమునే బ్రౌను వేమనకును అవలంబించెను. దొరకినన్ని ప్రతులు చేర్చుట, పద్యమును పద్యముతో, మాటను మాటతో సరిచూచుట, భేదించిన ప్రతి చోటును గుర్తించి వ్రాయించుట. పని చెప్పుటకు సులభము. పద్యములు వేలకొలది, ప్రతులు పదులకొలది అయినపుడు ఎత్తుగడ అక్షరమే మారిన పద్యము రెండు వేర్వేరు పద్యములుగా కనబడి మోసగించును.

ఈ పనిలో ఛందస్సు ఆయనకు గొప్ప సాధనమయ్యెను. 1827లోనే తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథమును ఆయన ప్రకటించెను. తెలుగు పద్యమునకు ఛందస్సు అలంకారము మాత్రమే కాదు, కాపలాదారు కూడ. వేమన పద్యములలో అధికభాగము ఆటవెలదులు. బేసి పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. సరి పాదములలో ఐదును సూర్యగణములే. నాలుగవ గణము మొదటి అక్షరము యతిస్థానము. లేఖకుడు ఒక అక్షరము విడిచినను, లఘువును గురువు చేసినను గణము చెడును, దొంగ పట్టుబడును. కాని ఈ కాపలాకును ఒక హద్దు కలదు. ఒక ప్రతిలో జనులు అనియు, మరియొక ప్రతిలో నరులు అనియు ఉన్నదనుకొందము. రెండును మూడేసి లఘువులు, రెండును సూర్యగణములే, అర్థము నొకటియే. ఆ మాట యతిస్థానమున నున్నచో జకారమో నకారమో తేలిపోవును. లేనిచో ఛందస్సు పెదవి విప్పదు. వేమన అన్నది ఏది? వందల యేండ్లుగా ఊరూర పాడినవారి నోళ్లలో నలిగిన పద్యమునకు అసలు ఒక్కటే మూలపాఠము కలదా అను శంక కూడ ఇచ్చటనే పుట్టును.

ఇది నాటి చిక్కు మాత్రమే యని తలపరాదు. నేడు గ్రంథములను కంప్యూటరులో నిక్షేపించి, కోరిన పదబంధమును క్షణములో వెదకించు సాధనములున్నవి. యథాతథముగా వెదకుమన్నచో అవి అక్షరమునకు అక్షరము సరిపోయినగాని పద్యమును చూపవు. జనులు అని అడిగినవానికి నరులు అను పాఠము కనబడదు. అది యేమి అని విడదీసి అడిగినచో అదేమి అని కలిసిన రూపము చిక్కదు. అరసున్న గల మాటయు, లేని మాటయు ఆ యంత్రమునకు రెండు వేర్వేరు మాటలు. సంధులతో అల్లుకొని పోవు తెలుగునందు మాటను ఉన్నదున్నట్లు పట్టుట ఎంత అవసరమో అంత కష్టము. బ్రౌను పండితులు ప్రతులు ముందు పెట్టుకొని పడిన పాటు ఇదియే.

1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో మద్రాసున అచ్చయ్యెను. 1839లో వచ్చిన రెండవ కూర్పున ఆ సంఖ్య 1164కు పెరిగెను. ఈ మేలునకు వెంట ఒక కీడును కలదు. అచ్చునందు ఒక పాఠము నిలుచును. తక్కినవి క్రమముగా అడగిపోవును. బ్రౌను ఎంచిన మాటయే వేమన మాటయని తరువాతి తరములవారు నమ్మిరి. ఏది ఆయన ఎంపికయో, ఏది కవి వాక్కో తరచి చూచినవారు కొలదిమంది. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమనను గూర్చి చేసిన ఉపన్యాసములు అట్టి విచారణకు దారి చూపినవి. అయినను ఒక న్యాయము బ్రౌనునకు జరుగవలెను. తాను గ్రహింపని పాఠములను ఆయన తగులబెట్టలేదు. వ్రాయించిన ప్రతులు భద్రపరచెను.

కడపలో బ్రౌను రెండవ మారు పనిచేసిన కాలమున ఒక బంగళా కొనెను. పండితులును లేఖకులును అందు గుమిగూడి పనిచేయుచుండగా అది బ్రౌను కాలేజి యని పేరు పొందెను. వారి జీతములు సర్కారు ఖజానానుండి కాక దొర జేబునుండి వెడలెడివి. అప్పులు కూడ చేసెను. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి మున్నగువారు ఆయనకు తోడ్పడిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి కడపలోని వ్యవహారములు చూచెడివాడు. పని వేమనతో నిలువలేదు. వసుచరిత్ర, మనుచరిత్ర మున్నగు ప్రబంధములు మొదలుకొని పల్నాటి వీరచరిత్ర వరకు ప్రతులు వచ్చి చేరెను. ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని తాళపత్రప్రతులు తెప్పించి, పాఠములు సరిచూపించి, కాగితముల మీద శుద్ధప్రతి వ్రాయించుట అచ్చటి నిత్యకృత్యము.

దొరకును పండితులకును నడుమ ఒక సున్నితమైన తగవు లేకపోలేదు. పండితుడు అజ్ఞుడైన లేఖకునివలె అక్షరము తప్పడు. కాని చెడిన పద్యము కంటబడినచో చేయి ఊరకుండదు. తనకు తోచిన చక్కని మాట నొకటి అందు పొదుగును. ఆ మాట కవి మాటకంటె మేలైనది కూడ కావచ్చును. పద్యము బాగుపడును, పాఠము పోవును. లేఖకుని తప్పును ఛందస్సు పట్టును; పండితుని దిద్దుబాటును ఏదియు పట్టలేదు, ఏలయన అది నిర్దుష్టము. ఒక్క ప్రతిని, ఒక్క పండితుని నమ్మక పలువురను పోషించుటకు బ్రౌను పడిన వ్యయమునకు ఇట్టి భయమే కొంత కారణమై యుండును.

మాటను మార్చకుండుట అను ఈ పట్టుదల గ్రంథములకు మాత్రమే పరిమితము కాలేదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు మచిలీపట్టణ ప్రాంతములను ఘోరమైన కరవు కబళించెను. బ్రౌను అపుడు ఆ ప్రాంతముననే కొలువులో నుండెను. పైయధికారులకు వ్రాసిన లేఖలలో ఆయన కరవును కరవు అనియే వ్రాసెను. సర్కారువారికి ఆ మాట రుచింపలేదు. కొరత యన్నచో వారికి సమ్మతము. తిండిగింజల కొరత యనిన నెమ్మదిగా చూడవచ్చును. కరవు అనినచో ఖజానా విప్పవలెను, శిస్తులు మాపవలెను, పైవారికి సంజాయిషీ చెప్పవలెను. జనము దారుల వెంట రాలిపోవుచుండగా ఆ రెండు మాటలు పర్యాయపదములు కావని బ్రౌను ఎరుగును. నిఘంటుకారుడు కాబోవు వానికి అంతకంటె కఠినమైన పాఠము వేరొకటి దొరకదు. పైవారితో పొసగనితనము ఆయన ఉద్యోగమునకు చేటు తెచ్చెను. 1835నుండి మూడేండ్లు ఇంగ్లండున గడపవలసి వచ్చెను.

ఆ ప్రవాసమును ఆయన వ్యర్థపుచ్చలేదు. 1837లో లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు అడుగంటి పడియుండుట చూచెను. లేడెన్ అను విద్వాంసుడు సేకరించిన ప్రతులవి. ఆయన మరణానంతరము లండను చేరి, చదువువారు లేక మూలబడినవి. చదువగలవారున్న దేశమునకు వానిని పంపవలెనని బ్రౌను పట్టుబట్టి మద్రాసునకు తరలించెను. 1838లో తానును మద్రాసు చేరి ప్రభుత్వమునకు పారశీక అనువాదకుడయ్యెను. తన సొంత సంపుటములను తరువాత మద్రాసు సాహిత్య సంఘమునకు ఒప్పగించెను. మెకంజీ సేకరణతోపాటు ఈ రెండును చేరి నేటి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు పునాదియైనవి.

1840లో వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. నిఘంటువున అర్థము చెప్పి ఊరకుండక, పలుచోట్ల ఆ మాట ఏ కావ్యమున ఏ చోట నున్నదో సూచించుట ఆయన పద్ధతి. కావ్యమున లేని మాటను సంతలో విన్నచో దానిని గూడ విడువలేదు. ఈ రెండింటిని ఒక్క పంక్తిన కూర్చుండబెట్టుట నాటి పండితులకు మింగుడుపడని సంగతి. 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. కచేరీలలోను, బజారులోను తెలుగున కలిసిపోయిన పారశీక, హిందూస్తానీ, ఆంగ్ల పదములు అందున్నవి. అర్జీయు, జిల్లాయు, రసీదును వ్యాకరణమునకు అంటరానివైనను, రైతు బ్రతుకు వానితోనే ముడిపడి యుండెను. పరవస్తు చిన్నయసూరి ఆ రోజులలోనే లక్షణశుద్ధమైన భాషకు కట్టుబాటు లేర్పరచుచుండెను. 1858లో ఆయన బాలవ్యాకరణము వచ్చెను. ఇరువురును మాట విషయమున నిష్ఠాపరులే. ఒకరి నిష్ఠ ఉండవలసిన మాటయందు, ఒకరిది ఉన్న మాటయందు.

ఇంత నిష్ఠ గల బ్రౌను అరసున్నను, బండిరను లెక్కచేయకుండుట చిత్రముగా తోచును. పలుకుబడిలో లేని గుర్తులను వ్రాతలో మోయుట వ్యర్థమని ఆయన మతము. ఈ విషయమున ఆయన తొందరపడెననియే చెప్పవలెను. చెవికి వినబడకున్నను ఆ గుర్తులు పదముల పుట్టుకను దాచిన పెట్టెలు. పాత ప్రతులలో ఒక మాటను మరియొక మాటనుండి వేరుపరచుటకు అవియే ఆధారమగు చోట్లు కలవు. కందుకూరి వీరేశలింగము మున్నగువారు సంస్కరించిన నిఘంటువు 1903లో వెలువడెను. నేడు అంతర్జాలమున జనులు వెదకి చూచుచున్న బ్రౌను నిఘంటువు అదియే.

ఉద్యోగము విరమించి లండను చేరిన పిదపయు బ్రౌను తెలుగును విడువలేదు. లండను విశ్వవిద్యాలయమున కొంతకాలము తెలుగు ఆచార్యుడుగా నుండెను. తన సాహిత్యజీవితమును తానే వ్రాసికొనెను. 1884 డిసెంబరు 12వ తేదీన మరణించెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. వివాహము చేసికొనలేదు.

కడపలోని బంగళా చేతులు మారి, కాలక్రమమున శిథిలమై మొండిగోడలు మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పలుయేండ్లు ఇల్లిల్లు తిరిగి చందాలు ప్రోగుచేసి, ఆ స్థలముననే బ్రౌను పేరిట గ్రంథాలయము వెలయించెను. ఊరూర ఇండ్లలో మూలనున్న తాళపత్రములును, పాత పుస్తకములును అచ్చటికి చేరినవి. ఆ సంస్థ తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందినది.