ఋణము తీర్చిన రచయిత మార్క్ ట్వేన్

గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో అమెరికా దేశపు రచయిత చరిత్ర యెందులకని కొందఱు చదువరులకు తోచవచ్చును. ఈ రచయిత పండ్రెండేండ్లు నిండకమునుపే తండ్రిని గోల్పోయి, అచ్చుకూటములోను గ్రంథాలయములోను చదువు నేర్చినవాడు. అంతియ కాదు, అతడు మన దేశమునకు వచ్చినవాడు; అదియును అప్పు తీర్చుటకై వచ్చినవాడు. కొండగట్టు చుట్టుపట్ల పల్లెలలో అప్పు అను మాటకు అర్థము చెప్పవలసిన పనిలేదు. కావున ఈ చరిత్ర మనవారికి సులభముగనే బోధపడునని తలంచుచున్నాము.

అతని యసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్. 1835 నవంబరు 30వ తేదీన మిస్సోరీ రాష్ట్రమందలి ఫ్లోరిడా యను కుగ్రామమున జన్మించెను. అతనికి నాలుగేండ్ల ప్రాయమున కుటుంబము మిసిసిపీ నదీతీరమందలి హానిబాల్ అను ఊరికి తరలెను. మన ధర్మపురికి గోదావరి యెట్టిదో హానిబాలుకు మిసిసిపీ యట్టిది. ఆ నదిపై పొగయోడలు తిరుగుచుండెడివి. మిస్సోరీలో నాడు బానిసత్వము చట్టసమ్మతము. నల్లజాతి స్త్రీపురుషులను గొడ్లవలె అమ్ముచు, కొనుచుండిరి. బాలుడు వేసవి దినములలో పినతల్లి భర్తయగు జాన్ క్వార్ల్స్ పొలమునకు పోయి, అచ్చటి బానిసయగు డేనియల్ చెప్పు కథలను రాత్రులయందు వినుచుండెను. బానిసత్వము తప్పని చెప్పినవాడు ఆ యూరిలో ఒక్కడును అతని చెవిని బడలేదు. దేవాలయములలో సైతము అది దైవసమ్మతమనియే బోధించుచుండిరి.

1847లో తండ్రి మరణించెను. మరుసటి యేడు బాలుడు అచ్చుకూటమున పనికి కుదిరి, సీసపు అక్షరములు కూర్చుట నేర్చెను. 1853లో న్యూయార్కు నగరమునకు పోయి, పగలు అచ్చుపని చేయుచు, సాయంకాలములు అచ్చుపనివారి ఉచిత గ్రంథాలయమున గడపెను. వేలకొలది గ్రంథములుగల ఆ గదియే అతని కళాశాల యనవచ్చును.

1857లో హొరేస్ బిక్స్‌బీ యను నావికునికడ శిష్యుడై ఓడ నడపుట అభ్యసించి, 1859లో అనుమతిపత్రము పొందెను. నదిలో ఇసుకమేటలు దినదినము స్థానము మార్చుచుండును గనుక, ఒకడు ఓడ ముందుభాగమున నిలిచి త్రాడుతో లోతు కొలిచి కేకవేయుచుండెను. త్రాటిపై రెండవ గుర్తు, అనగా పండ్రెండడుగుల లోతు, వచ్చినప్పుడు వేయు కేకయే మార్క్ ట్వేన్. ఓడకు అపాయము లేదని దాని భావము. తరువాత 1863లో అతడు దానినే కలముపేరుగా గైకొనెను. అయితే ఆ నది అతనికి అపాయము లేనిది కాలేదు. తాను పని యిప్పించిన ఓడలోనే తమ్ముడు హెన్రీ 1858లో ఆవిరికాగు ప్రేలి మరణించెను. ఆ దుఃఖము, తానే కారణమను బాధ, అతని నెన్నడును విడువలేదు.

1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము వచ్చి ఓడలు నిలిచిపోయెను. అతడు పడమటి దేశమున వెండిగనులు త్రవ్వి నష్టపడి, పత్రికా విలేఖరియై, హాస్యకథలచే ప్రసిద్ధుడయ్యెను. 1870లో ఒలీవియా లాంగ్‌డన్ అను నామెను వివాహమాడెను.

అతని ఘనత హాస్యమున మాత్రమే యున్నదనుట మాకు సమ్మతము కాదు. ఆ కాలపు నవలలలో కోటలు, వీరులు, గ్రంథభాష మాటలాడు నాయికలు విస్తారముగ నుండిరి. ఉన్న మనుష్యులను ఉన్నట్లు వ్రాయవలెనని విలియం డీన్ హోవెల్స్ అను రచయిత వాదించెను. ఇతడు ట్వేనుకు ప్రాణమిత్రుడు, అట్లాంటిక్ మాసపత్రికకు సంపాదకుడు. 1874లో ఆ పత్రికయందు ట్వేన్ ఒక చిన్న కథ ప్రకటించెను. అత్తవారి బంధువుల పొలమున మేరీ ఆన్ కార్డ్ అను వంటమనిషి యుండెను. ఆమె పూర్వము బానిస. భర్తను, బిడ్డలను వేలమున వేఱువేఱుగా అమ్మివేసిన దినమును, యుద్ధకాలమున చిన్నకొడుకు తిరిగి దొరికిన దినమును ఆమె ఒక సాయంకాలము అరుగుపై చెప్పగా, ట్వేన్ ఆమె మాటతీరుననే వ్రాసెను. అందు నవ్వు లేదు.

ఆ మార్గముననే 1884లో హకల్‌బెరీ ఫిన్ నవల వెలువడెను. ఇల్లువిడిచిన కుఱ్ఱవాడు, పారిపోయిన బానిస జిమ్, ఒక తెప్పపై నదివెంట పోవుదురు. జిమ్మును పట్టియిచ్చుట పుణ్యమనియు, కాపాడుట పాపమనియు హక్కుకు ఊరు నేర్పినది. వాడు నరకమునకైనను పోవ నిశ్చయించి స్నేహితుని విడువడు. కాంకర్డ్ పట్టణ గ్రంథాలయమువారు 1885లో ఈ పుస్తకము మొఱటుదని దానిని బహిష్కరించిరి. అందువలన అమ్మకము హెచ్చునని ట్వేన్ సంతసించెను! నండూరి రామమోహనరావుగారి యనువాదముల మూలమున టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ ఇరువురును తెలుగు పిల్లలకు చుట్టములైరి. మన గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును వాడుకభాషలో 1897లో ప్రకటించిరి. భూమికి రెండు వైపుల ఇంచుమించు ఒకే కాలమున ఒకే సమస్య పుట్టినదన్నమాట. ఈ మాటలు గ్రాంథికమున వ్రాయుచున్నందుకు చదువరులు నవ్వుకొన్నచో నవ్వుకొనవచ్చును.

ఇక అప్పు సంగతి. ట్వేన్ 1884లో సొంత ప్రచురణాలయము పెట్టెను. సేనాపతియు మాజీ అధ్యక్షుడునగు గ్రాంటు స్వీయచరిత్రను ప్రచురించి, ఆయన వితంతువునకు 1886లో 2 లక్షల డాలర్ల చెక్కు నిచ్చెను. ఆ లాభము నిలువలేదు. అక్షరములు తానే కూర్చు యంత్రమును పేజ్ అనునతడు నిర్మించుచుండగా, పూర్వము చేతితో అక్షరములు కూర్చిన ట్వేన్ దానిపై మోహపడి ఏండ్లతరబడి ధనము పోసెను. యంత్రము చెడుచునే యుండెను. 1894లో ప్రచురణాలయము దివాలా తీసెను. అప్పు సుమారు లక్ష డాలర్లు. రూపాయికి ఇన్ని అణాలని చెల్లించి బయటపడుటకు వీలున్నను, దంపతు లిరువురును పూర్తిగ తీర్చుటకే నిశ్చయించిరి.

1895 జూలైలో, అఱువదియవ యేట, ఉపన్యాసములిచ్చుచు ప్రపంచయాత్రకు బయలుదేరెను. 1896 జనవరిలో బొంబాయి చేరెను. అచ్చటి హోటలులో తలుపు సరిచేయుచున్న పనివానిని, పని కుదరలేదని ఒక జర్మనీ దేశస్థుడు చెంపపై గొట్టెను. పనివాడు కిక్కురుమనలేదు. ఆ దెబ్బతో ట్వేనుకు ఏబదియేండ్ల వెనుకటి హానిబాల్, అచ్చటి బానిసలు, తన తండ్రి సైతము బానిసకుఱ్ఱని గొట్టిన విధము కన్నులకు గట్టినవి. దొర గడీముందర వెట్టి చేసిన తాతల మాటలు విన్న తెలంగాణమువారికి ఈ ఘట్టమును విడమరచి చెప్పనక్కరలేదు. కాశీ, కలకత్తా, డార్జిలింగు, లాహోరు మున్నగునవి చూచి, తిరుగుప్రయాణమున మద్రాసులో ఒకదినము ఆగెను. ఆనాడు సర్కారు, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. హైదరాబాదు సంస్థానమునకు అతడు రాలేదు.

యాత్ర దక్షిణాఫ్రికాలో ముగిసెను. ఇంగ్లండులో కుమార్తెలకై యెదురుచూచుచుండగా పెద్దకుమార్తె సూసీ జబ్బుపడినదని తంతి వచ్చెను. భార్య, రెండవ కుమార్తె ఓడపై నుండగనే, 1896 ఆగస్టు 18న ఇరువదినాలుగేండ్ల సూసీ మెదడుపొరల వాపుచే మరణించెను. ట్వేన్ పరదేశమున ఒంటరిగ ఆ వార్త వినెను. ఆ కుటుంబము మరల హార్ట్‌ఫర్డులోని తమ యింట కాపురముండలేదు. అతడు మాత్రము గదిలో గూర్చుండి యాత్రాగ్రంథము వ్రాయుచునే యుండెను; అప్పులవారికి ఇంకను ఇయ్యవలసి యున్నది. ఆ గ్రంథము 1897లో వెలువడెను. 1898లో కడపటి డాలరువరకు చెల్లించెను.

1900లో స్వదేశమునకు మరలి, ఫిలిప్పీనులను అమెరికా లోబఱచుకొనుటను బహిరంగముగ ఖండించెను. 1904లో భార్య గతించెను. 1908లో కనెక్టికట్ రాష్ట్రమందలి రెడ్డింగ్ గ్రామమున ఇల్లు కట్టుకొని, తన పుస్తకములిచ్చి ఊరివారికి గ్రంథాలయము నెలకొల్పెను. వాడుకలేని చిన్న ప్రార్థనామందిరమే దానికి మొదటి నెలవు. భవననిధికై తన యింటికి వచ్చు మగ యతిథులపై తలకొక డాలరు పన్ను విధించెను! 1909 డిసెంబరు 24న చిన్నకుమార్తె జీన్ మరణించెను. ఆమె పొలము నమ్మిన సొమ్మును అతడు గ్రంథాలయ భవనమునకు, ఆమె పేర, ఇచ్చివేసెను. 1910 ఏప్రిల్ 21న ట్వేన్ కన్నుమూసెను. భవనము ఆ మరుసటి యేట తలుపులు తెఱచెను.