గోవా శిథిలాలలో జార్జియా రాణి

నల్లసముద్రానికి, కాస్పియన్ సముద్రానికి నడుమ కాకసస్ పర్వతాల ఒడిలో ఉన్న చిన్న దేశం జార్జియా. పదునారవ శతాబ్దినాటికి అది చిన్న చిన్న రాజ్యాలుగా చీలిపోయి, ఒకవైపు తురుష్క సుల్తానుకు, మరొకవైపు పారశీకపు షాకు జడిసి బ్రతుకుతూ ఉండేది. ఆ రాజ్యాలలో కాఖేతి ఒకటి. ముఖ్రాని రాజవంశపు ఆడపడుచు కెటెవాన్ ఆ ఇంటికి కోడలై వచ్చింది.

భర్త దావీదు 1602లో గతించాడు. 1605లో అతని సోదరుడు కాన్‌స్టాంటిన్, షా అబ్బాసు ప్రాపున, కన్నతండ్రినే చంపించి సింహాసనమెక్కాడు. విధవరాలైన కెటెవాన్‌ను పెండ్లాడగోరాడు. దైవచింతనలో కాలం గడుపుతున్న ఆమె సామంతులను కూడగట్టి అతనిపై సేన నడిపింది. అతడు రణంలో కూలాడు. గాయపడిన శత్రు సైనికులకు ఆమె చికిత్స చేయించిందని జార్జియా చరిత్రకారులు వ్రాశారు. కుమారుడు తెయ్‌మురాజ్ రాజైనాడు.

1614లో షా దండెత్తి వచ్చినప్పుడు, రాజ్యాన్ని కాచుకోవడానికి ఆమె రాయబారిగా వెళ్లి బందీ అయింది. ఇద్దరు మనుమలు కూడ షా చేతికి చిక్కారు. ఆ పసివారిని అతడు నపుంసకులను చేయించాడు. ఆమె షిరాజ్ నగరంలో పదేండ్లు నిర్బంధంలో ఉంది. చివరకు మతం మార్చుకొమ్మని ఆజ్ఞ వచ్చింది. ఆమె అంగీకరించలేదు. 1624 సెప్టెంబరు 13న, ఎర్రగా కాల్చిన పటకారులతో హింసించి ఆమెను చంపారు. పేరుకు మతమే గాని, లొంగని కొడుకు మీది పగను తల్లిమీద తీర్చుకోవడమే అసలు సంగతి అనిపిస్తుంది. మన దక్షిణదేశంలో అవి ఆరవీటి రామదేవరాయల నాళ్లు.

షిరాజ్‌లో ఉన్న బుడతకీచు అగస్టీనియన్ సన్న్యాసులు ఆమె దేహావశేషాలను రహస్యంగా వెలికితీసి దాచారు. కొంత భాగం కుమారునికి చేరింది. మరికొంత 1627లో గోవా వచ్చింది. అక్కడి సెయింట్ అగస్టీన్ మఠంలో, సభామందిరపు రెండవ కిటికీలో, రాతిపెట్టెలో పదిలపరచినట్లు వారి లేఖలలో ఉంది. కాని 1835లో మఠాలు మూతబడ్డాయి. 1842లో ఆలయపు కప్పు కూలింది. గోపురం 1931లో సగం విరిగిపడింది. రాణి ఆ రాళ్లక్రింద ఎక్కడో ఉండిపోయింది.

మన భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన పేటికలపై అక్షరాలుండబట్టి అందులోనివి బుద్ధధాతువులని తెలిసింది. 2004లో పురావస్తుశాఖవారికి ఆ మఠంలో దొరికిన ఎముకపై ఏ లిపీ లేదు. మఠంలో ఎందరివో సమాధులున్నాయి. లేఖలో చెప్పిన చోటికి సరిపోయినంత మాత్రాన రాణిదేనని అనడమెలా?

ఆ ప్రశ్న హైదరాబాదుకు వచ్చింది. సి.సి.ఎం.బి.లో తంగరాజ్ బృందంవారు ఎముక నుండి డి.ఎన్.ఎ. తీశారు. తల్లినుండి మాత్రమే బిడ్డలకు సంక్రమించే భాగాన్ని పరీక్షించారు. అందులో యు1బి అనే వంశచిహ్నం కనిపించింది. వేలకొలది భారతీయుల నమూనాలలో అది లేదు. జార్జియాలోను, పరిసర ప్రాంతాలలోను ఉంది. 2014లో వెలువడిన వ్యాసంలో వారు అది బహుశః రాణిదేనని మాత్రమే వ్రాశారు. ఆ బహుశః అన్న మాట చాలా విలువైనది. మాతృవంశచిహ్నం ఒక్క మనిషిది కాదు, వేలమందిది. కాకసస్ ప్రాంతపు మరొకరి ఎముక ఆ మఠంలో ఉండరాదని తర్కం చెప్పదు. ఉండడం అరుదని మాత్రమే చెబుతుంది. రాణి మాతృవంశీకులెవరి నమూనాతోనైనా సరిపోల్చితే తప్ప, ఆ సందేహం సన్నగిల్లుతుందే గాని పూర్తిగా తీరదు. బుడతకీచుల లేఖ, దొరికిన చోటు, రక్తసంబంధపు ఆనవాలు, మూడూ ఒకే దిక్కు చూపాయి గనుక పండితులు ఆ నిర్ణయానికి వచ్చారు.

జార్జియా ప్రజలు అంత తూచి చూడలేదు. 2017లో ఆ అస్థికను కొంతకాలానికి వారి దేశం పంపినప్పుడు జనం బారులుతీరి దర్శించారు. 2021 జూలైలో భారత విదేశాంగమంత్రి జయశంకర్ తిబిలిసి నగరానికి వెళ్లి, అందులో ఒక భాగాన్ని శాశ్వతంగా సమర్పించారు.