నిప్పుకు తంతి కట్టిన వైద్యుడు

పందొమ్మిదవ శతాబ్ది తొలి సగంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఇల్లంటుకొన్నదంటే చర్చి గంటలే దిక్కు. ఎవరో పరుగెత్తి గంట మ్రోగించవలెను. విన్నవారు ధ్వని వచ్చిన వైపును బట్టి మంట ఎక్కడిదో ఊహించుకోవలెను. ఊహ తప్పితే నీటి యంత్రాలు ఒక వీధికి, నిప్పు మరొక వీధికి. ఈ దుస్థితిని తొలగింపబూనిన విలియం ఫ్రాన్సిస్ చానింగ్ వైద్యవిద్య చదివినవాడు.

ఆయన 1820 ఫిబ్రవరి 22న బోస్టన్‌లో జన్మించినాడు. తండ్రి విలియం ఎలరీ చానింగ్ యూనిటేరియన్ మతాచార్యుడుగా దేశాంతర ఖ్యాతి గడించినవాడు. కుమారుడు 1844లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంనుండి వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. అంతకు రెండేండ్లకు ముందే, దక్షిణ రాష్ట్రంనుండి పారిపోయి వచ్చి బోస్టన్‌లో పట్టుబడిన జార్జి లాటిమర్ అనే బానిస పక్షాన మిత్రులతో కలసి ఒక పత్రిక నడిపినాడు.

1844లో మోర్సు తంతి వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు వార్త చేర్చినది. లోకం దానిని దూరదేశాల వార్తకు సాధనంగా చూచినది. చానింగ్ అదే తంతిని ఒక్క ఊరికే చుట్టి చూచినాడు. 1845 జూన్‌లో ఒక బోస్టన్ దినపత్రికలో ఆ ఊహను వ్యాసంగా ప్రకటించినాడు. కాలికి ముల్లు గుచ్చుకొంటే నాడి మెదడుకు తెలుపుతుంది; మెదడు ఆజ్ఞ మరొక నాడి వెంట కండరానికి పోతుంది. నగరానికి అట్టి నాడీమండలం ఏల ఉండరాదు? ఈ ఉపమానం వైద్యునికే తట్టదగినది.

ఊహకు రూపమిచ్చినవాడు మోజెస్ ఫార్మర్. ఆయనదీ 1820 ఫిబ్రవరి జన్మమే, తొలుత బడిపంతులు. విద్యుత్తుచేత గంటను కొట్టించే యంత్రాన్ని 1848లో నిర్మించినాడు. 1851లో బోస్టన్ నగరపాలకులు పదివేల డాలర్లు మంజూరు చేయగా, ఇంటికప్పుల మీదుగా తీగలు సాగినవి. 1852 ఏప్రిల్ 28న ఆ వ్యవస్థ పనిచేయ నారంభించినది. వీధి పెట్టెలోని పిడిని త్రిప్పితే పండ్ల చక్రం ఆ పెట్టె సంఖ్యను కేంద్రానికి పంపుతుంది. కేంద్రంనుండి వేరొక తీగల వెంట ఆజ్ఞ పోయి గంటలు మ్రోగుతవి. మరునాడే తొలి పిలుపు వచ్చినది. పాపం, త్రిప్పినవాడు కంగారులో అతివేగంగా త్రిప్పినందున సంఖ్య బోధపడలేదనీ, అతడే కేంద్రానికి పరుగెత్తవలసివచ్చిందనీ చెప్పుకొంటారు.

ఇట్టి తీగకు ఒక విచిత్ర స్వభావం కలదు. అది నెలల తరబడి మూగగా ఉంటుంది. తెగిపోయినా మూగగానే ఉంటుంది. నిప్పు లేనందున మౌనమా, తీగ చచ్చినందున మౌనమా? దీనికి ఈ తంతులలో స్థిరపడిన ఉపాయం, వలయంలో ప్రవాహాన్ని ఎల్లప్పుడూ నడుపుతుండడం. పెట్టె ఆ ప్రవాహాన్ని తెంచి తెంచి సంకేతం పలుకుతుంది. గాలివానకు తీగ తెగితే కేంద్రంలో ప్రవాహం ఆగి, లోపం తనంతట తానే బయటపడుతుంది. తీగ నేలను తాకడం అంతకంటె మాయలమారి రోగం. ఒకచోట తాకితే ప్రవాహం యథావిధిగా సాగుతుంది. రెండవచోట కూడ తాకిందా, నడుమనున్న పెట్టెలు కేంద్రానికి వినబడకుండపోవచ్చును. కావున తీగను భూమితో పరీక్షించి, వలయాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగంలో లోపమున్నదో వెదకి, మొదటి తాకిడినే సరిచేయవలెను. నేటి భవనాల అగ్ని హెచ్చరిక తీగల కొసన చిన్న నిరోధకాన్ని కట్టి, దానిగుండా స్వల్ప ప్రవాహాన్ని నిరంతరం నడపడం ఈ సూత్రానికి వారసత్వమే. ఆ ప్రవాహం ఆగితే తీగ తెగినదని పరీక్షకుడు గ్రహిస్తాడు.

1855లో చానింగ్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఈ తంతిని గూర్చి ఉపన్యసించినాడు. శ్రోతలలో దక్షిణ కెరొలీనాకు చెందిన జాన్ గేమ్‌వెల్ అనే తంతి ఉద్యోగి ఉన్నాడు. చానింగ్, ఫార్మర్లకు 1857 మే 19న పేటెంటు లభించినది. 1859 నాటికి హక్కులన్నీ గేమ్‌వెల్ చేతికి పోయినవి. కల్పనాశక్తి కలవానికి వ్యాపారబుద్ధి కూడ ఉండవలెనన్న నియమం లేదు గదా!

సొంత ఊరే ఈ సాధనానికి కఠిన పరీక్ష పెట్టినది. దొంగ పిలుపులకు వెరచి బోస్టన్‌లో పెట్టెలకు తాళాలు వేసి, చెవులను పోలీసులకూ కొందరు నమ్మకస్తులకూ ఇచ్చినారు. 1872 నవంబరు 9 రాత్రి వర్తక వీధిలో మంట లేచినప్పుడు, 52వ సంఖ్య పెట్టెనుండి పిలుపు వెళ్లేసరికే అగ్ని బలిసిపోయినది. గుర్రాలు అంటురోగంతో మూలబడగా మనుష్యులే యంత్రాలను లాగినారు. 776 భవనాలు దగ్ధమైనవి. తీగలో లోపం లేకున్నా, తాళం ఆ లోపం పని చేసినది.

చానింగ్ మాత్రం వేరే పనులలో మునిగినాడు. ఓడలను నేలమీదుగా ఒక జలమార్గంనుండి మరొకదానికి మోసే రైలుమార్గానికి 1865లో పేటెంటు పొందినాడు. 1877లో ప్రావిడెన్స్ నగరంలో బ్రౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యులతో కలసి టెలిఫోనును చేతపట్టుకొనదగిన రూపానికి తెచ్చే ప్రయోగాలలో పాల్గొన్నాడు. ఫార్మర్ 1893లో మరణించినాడు. చానింగ్ 1901 మార్చి 19న బోస్టన్‌లో కన్నుమూసినాడు. అప్పటికి అమెరికా పట్టణాల వీధిమూలల్లోని ఎర్రపెట్టెలపై పోతపోసిన పేరు గేమ్‌వెల్‌ది.