తలుపులు బార్లా తెరిచిన వర్తకుడు

దుకాణంలో అడుగుపెట్టినవాడు ఏమీ కొనకుండా బయటికి రావచ్చా? ఇప్పుడు ఈ ప్రశ్నే వింతగా తోస్తుంది. కానీ 19వ శతాబ్దపు అమెరికాలో చాలా కొట్లలో సరుకు గుమాస్తా తీసి చూపితేనే కనబడేది. ధర బేరం మీద, కొనేవాడి వాలకం మీద ఆధారపడేది. ఆ పద్ధతిని మార్చినవారిలో జాన్ వానమేకర్ ఒకరు.

ఆయన 1838లో ఫిలడెల్ఫియాలో ఇటుకలు చేసే కుటుంబంలో పుట్టారు. చదువు కొద్దిపాటిదే, చిన్నతనంలోనే పనికి కుదిరారు. యౌవనంలో క్రీస్తును విశ్వసించి, 1858లో బేతని సండే స్కూలు ఆరంభించారు. 1861లో అంతర్యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, బావమరిది నేథన్ బ్రౌన్‌తో కలిసి ఓక్ హాల్ అనే బట్టల దుకాణం తెరిచారు. అందరికీ ఒకే ధర, నచ్చకపోతే డబ్బు వాపసు అన్నవి ఆయన వ్యాపార సూత్రాలయ్యాయి.

1875లో ఆయన ఒక పాత రైల్వే గూడ్సు షెడ్డు కొన్నారు. అయితే దుకాణం పని వాయిదా వేసి, ముందుగా ఆ స్థలాన్ని మూడీ, సాంకీల ఉజ్జీవ సభలకు ఇచ్చారు. వేలాదిమంది అక్కడ వాక్యం విన్నారు. 1876లో అదే కప్పు కింద గ్రాండ్ డిపో దుకాణం తెరుచుకొంది. తనతోపాటు అక్కడ కొట్లు పెట్టుకొమ్మని ఇతర వర్తకులను పిలిచారు, వారు రాలేదు. అంత పెద్ద షెడ్డు నింపలేకపోతే నష్టం తనదే. అయినా వెనుకంజ వేయక, 1877లో రకరకాల సరుకులు తానే తెచ్చి పెట్టారు.

అక్కడి అమరిక గమనించదగినది. మధ్యలో 90 అడుగుల చుట్టుకొలతగల గుండ్రటి కౌంటరు. దాని చుట్టూ వలయాలుగా మొత్తం 129 కౌంటర్లు. వలయాలను చీల్చుకొంటూ మధ్యకు సాగే నడవలు. కౌంటర్ల ముందు కూర్చోడానికి 1,400 పీటలు. రాత్రి విందులకు కట్టే పట్టుబట్టలు దీపకాంతిలో ఎలా ఉంటాయో చూసుకొనేందుకు నడిమధ్యన గ్యాసు దీపాలు పెట్టిన చీకటి గుడారం. వచ్చినవారు దారి తప్పకుండా, ఎవరి అనుమతీ అడగకుండా అంతా తిరిగి చూడవచ్చు. కొనాలన్న బలవంతం లేదు. 1878లో విద్యుద్దీపాలు కూడా వచ్చాయి.

చిన్న వర్తకులు ఆయనను ద్వేషించారు. ఒకే కప్పు కింద అన్నీ దొరికితే తమ బతుకేమిటని వారి భయం. అది నిజమైన భయమే. 1889 నుండి 1893 వరకు పోస్టుమాస్టరు జనరల్‌గా పనిచేసినప్పుడు, పార్టీ కోసం వేలాది పోస్టుమాస్టర్లను తొలగించారన్న నింద కూడా మోశారు. ఆయన లోపం లేనివారు కారు. అయినా వాషింగ్టన్‌లో మంత్రిగా ఉన్న ఆ రోజుల్లోనూ ఆదివారం బేతని సండే స్కూలుకు తిరిగివచ్చేవారు. 1922 డిసెంబరులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, బల్ల ఎక్కడ వేయాలి, దారి ఎటు వదలాలి అన్నది వ్యాపారపు లెక్క మాత్రమే కాదు. లోపలికి వచ్చిన మనిషిని మనం నమ్ముతున్నామో, అనుమానిస్తున్నామో అది చెబుతుంది. మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టి, బంగారు ఉంగరంవాణ్ణి కూర్చోబెట్టిన సంఘాన్ని యాకోబు గద్దించాడు. మన కొట్టులోనైనా, మన మందిరంలోనైనా, చేతిలో ఏమీ లేనివాడు బెరుకు లేకుండా మధ్యదాకా నడిచి రాగలడా? ఈ వారం ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి చూద్దాం.