రేలంగి వెంకట్రామయ్య

రేలంగిగా ప్రసిద్ధుడైన రేలంగి వెంకట్రామయ్య (1910 - 1975) తెలుగు చలనచిత్ర హాస్యనటుడు. తెలుగు హాస్యనటులలో పద్మశ్రీ పురస్కారం (1970) అందుకొన్న తొలి వ్యక్తి ఈయనే.

జీవితం

రేలంగి రావులపాలెం సమీపంలోని రావులపాడులో జన్మించాడు. తండ్రి సంగీతమూ హరికథలూ నేర్పేవాడు. కాకినాడలో చదువుకొనే రోజులలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో నటించాడు. 1935లో సి.పుల్లయ్య దర్శకత్వం వహించిన శ్రీకృష్ణ తులాభారంతో చిత్రరంగంలో ప్రవేశించినా, పుష్కరకాలం పాటు చిన్న వేషాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. వింధ్యరాణి (1948), గుణసుందరి కథ (1949) చిత్రాలతో స్థిరపడ్డాడు. తన సంపాదనతో తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ అనే సినిమాహాలు కట్టించాడు.

నటన

పాతాళభైరవి (1951)లో రాజుగారి బావమరిదిగా, మాయాబజార్ (1957)లో లక్ష్మణకుమారుడిగా నటించాడు. మిస్సమ్మ (1955)లో యాచకుడు దేవయ్య పాటలను తానే పాడాడు. సంభాషణ కన్నా చూపులో, నడకలో, మాట విరుపులో నవ్వు పుట్టించడం ఈయన ప్రత్యేకత.

పాత చిత్రాల పరిరక్షణ

ఇటువంటి నటన ఫిల్ము ఉన్నంతవరకే నిలుస్తుంది. ఆనాటి నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకొనేది, కాలక్రమంలో పాడైపోయేది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ప్రతి నేడు లభించదు. పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. మాయాబజార్ మాత్రం భద్రంగా మిగిలింది. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేయగా, రేలంగి మరణానంతరం పుట్టిన తరం కూడా మాయాశశిరేఖ ముందు బెదిరిపోయే లక్ష్మణకుమారుణ్ణి వెండితెరపై చూడగలిగింది.