మోంగో సాంటామరియా: వెనుక వరుసలోని కాంగాను ముందుకు తెచ్చిన సారథి

1962 చివరి రోజులు. న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలోని ఒక నైట్‌క్లబ్‌లో మోంగో సాంటామరియా బృందం కచేరీ చేస్తోంది. శ్రోతలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. బృందంలోని పియానో వాద్యకారుడు చిక్ కొరియా వైదొలగడంతో, ఆ స్థానంలో హెర్బీ హాంకాక్ అనే 22 ఏళ్ల యువకుడు కొన్ని రాత్రులకు వచ్చారు. విరామ సమయంలో, ఆయన మిత్రుడు, ట్రంపెట్ వాద్యకారుడు డొనాల్డ్ బర్డ్ ప్రోద్బలంతో ‘వాటర్‌మెలన్ మ్యాన్’ అనే తన రచనను వినిపించారు. సాంటామరియా కాంగా అందుకున్నారు. ఒక్కొక్కరుగా మిగిలిన వాద్యకారులూ కలిశారు. ఉన్న కొద్దిమందీ లేచి నృత్యం మొదలుపెట్టారు.

ఆ డిసెంబరులోనే రికార్డయిన ఆ బాణీ 1963లో అమెరికా పాప్ పట్టికలో పదో స్థానానికి చేరింది. అప్పటికి సాంటామరియా వయసు 45 ఏళ్లు దాటింది. అందులో అధిక భాగం ఇతరుల బృందాలకు లయ సమకూర్చడంలోనే గడిచింది.

రామోన్ సాంటామరియా 1917 ఏప్రిల్ 7న క్యూబా రాజధాని హవానాలో జన్మించారు. నల్లజాతి కార్మికులు నివసించే హెసూస్ మరియా పేట ఆయన స్వస్థలం. బానిసలుగా తరలి వచ్చిన ఆఫ్రికన్ల ఆరాధనా డోళ్లు, రుంబా గానం అక్కడి వీధుల్లో నిత్యం వినిపించేవి. బాల్యంలో వయొలిన్ అభ్యసించినా, ఆయన మనసు డోలు వైపే మళ్లింది. పగలు తపాలా ఉద్యోగం, రాత్రి క్లబ్బుల్లో వాద్యం. 1940ల చివర్లో మెక్సికో మీదుగా సాగిన ప్రయాణం 1950 నాటికి ఆయనను న్యూయార్క్‌లో స్థిరపరచింది.

పీపా ఆకారంలో నిలువుగా ఉండి, అరచేతులతో వాయించే తోలు వాద్యం కాంగా. పేదల పెరళ్ల నుంచి వచ్చిన ఈ డోలుపై క్యూబా పాలకులు ఒకప్పుడు ఆంక్షలు సైతం విధించారు. నృత్య బృందాల్లోకి ప్రవేశించాక కూడా దాని స్థానం వెనుకే. సారథ్యం గాయకులదో, పియానో, ట్రంపెట్ వాద్యకారులదో అయ్యేది. టింబాలెస్ డోళ్లను వేదిక ముందుకు తెచ్చిన టీటో ప్యుయెంటె దీనికి మినహాయింపు. ఆయన బృందంలో సాంటామరియా 1957 వరకు కొనసాగారు. తర్వాత వైబ్రఫోన్ వాద్యకారుడు కాల్ జేడర్ బృందంలో చేరి, 1960 వరకు పనిచేశారు.

ఆ ఏళ్లలోనే సొంత పేరుతో తొలి అడుగులు వేశారు. 1955లో వెలువడిన ‘చాంగో’ రికార్డులో ఆఫ్రో-క్యూబన్ ఆరాధనా గీతాలు, డోళ్లు తప్ప విపణి కోరే హంగులు లేవు. 1959 నాటి ‘ఆఫ్రో బ్లూ’ ఆయన సుప్రసిద్ధ రచన. రెండు దెబ్బలు పడే వ్యవధిలోనే మూడు దెబ్బలు ఇమిడే ఆఫ్రికన్ లయ దానికి పునాది. 1963లో సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాయించడంతో అది జాజ్ ప్రపంచమంతటా వ్యాపించింది. లయ కోసమే పిలిపించుకున్న కళాకారుడు బాణీ కూడా ఇవ్వగలడని ఆ రచన నిరూపించింది.

సారథ్యానికి మూల్యమూ ఉంది. ‘వాటర్‌మెలన్ మ్యాన్’ విజయం తర్వాత కొలంబియా సంస్థతో ఒప్పందం కుదిరింది. రికార్డు విపణి అలాంటి విజయాలనే మళ్లీ ఆశించింది. 1960ల రెండో భాగంలో జనాదరణ పొందిన పాప్, సోల్ పాటలను కాంగా లయలో మలచడమే ఆయన ఆల్బమ్‌లలో ప్రధానమైంది. ఆరాధనా సంగీతంతో మొదలైన కళాకారుడు తేలిక బాణీలకు పరిమితమయ్యారన్న విమర్శ వచ్చింది. అయితే ఆ ఆదాయమే బృందాన్ని నిలబెట్టింది. చిక్ కొరియా, వేణు విద్వాంసుడు హ్యూబర్ట్ లాస్ వంటి యువకులకు ఆ బృందం పాఠశాల అయింది. గాయని లా లూపెను 1963లో తన ఆల్బమ్ ద్వారా శ్రోతలకు పరిచయం చేసిందీ ఆయనే.

1970లలో న్యూయార్క్ లాటిన్ సంగీతం సాల్సా పేరుతో ఉప్పెనలా లేచినప్పుడు, దానికి కేంద్రమైన ఫానియా సంస్థ అనుబంధ లేబుల్ ‘వాయా’లో సాంటామరియా చేరారు. 1973 ఆగస్టులో యాంకీ స్టేడియంలో మరో కాంగా దిగ్గజం రే బరెట్టోతో జరిపిన జుగల్‌బందీకి శ్రోతలు కంచెలు దాటి మైదానంలోకి దూసుకొచ్చారు. కచేరీ నిలిచిపోయింది. అరవయ్యో ఏట, 1977లో వచ్చిన ‘అమనెసేర్’ ఆల్బమ్ మరుసటి ఏడాది ఉత్తమ లాటిన్ రికార్డింగ్‌గా గ్రామీ పురస్కారం పొందింది. స్పానిష్‌లో ఆ మాటకు అర్థం తెల్లవారడం.

2003 ఫిబ్రవరి 1న మయామీలో 85వ ఏట సాంటామరియా కన్నుమూశారు. ‘ఆఫ్రో బ్లూ’ నేటికీ జాజ్ బృందాల నిత్య పాఠాల్లో ఒకటి. దాన్ని వాయించేటప్పుడు సాక్సఫోన్, పియానోలు సైతం ఒక కాంగా వాద్యకారుడు చూపిన బాటలోనే నడుస్తాయి.