గుడ్డుకు ధర కట్టిన వాసుదేవరావు గారు



మన మెస్సులో గుడ్డు పెట్టే రోజు ఎవరూ ఆలస్యంగా రారు. గుడ్డు చిన్నదైందని వంటమనిషితో గొడవపడని వాళ్ళు మనలో బహుశా ఒక్కరూ ఉండరు. కానీ ఆ గుడ్డు ఇంత ధర అని ఎవరు చెబుతారో మనం ఎప్పుడూ అడగలేదు. పి.జి. ప్రాజెక్టు పని మీద కోళ్ళ ఫారాలు తిరిగినప్పుడు పెద్ద వయసు రైతుల నోట నాకు ఒకే పేరు వినబడింది. ఆయన బండ వాసుదేవరావు గారు. అందరూ డాక్టర్ బి.వి. రావు అంటారు. భారతదేశంలో ఆధునిక కోళ్ళ పరిశ్రమకు పితామహుడని పేరు పొందిన మన తెలుగువాడు.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు మన ఇళ్ళలో పొదగేసిన గంపను గుర్తు చేసుకోవాలి. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. పొదుగుకు కూర్చుందంటే గుడ్లు పెట్టడం మానేస్తుంది. దాని కింద 10, 12 గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలు లేస్తాయి. గద్దకు, పిల్లికి పోగా మిగిలినవే మనవి. ఇంటికి, చుట్టాలు వచ్చినప్పుడు కూరకు ఇది చాలు. పట్నం మొత్తానికి గుడ్డు పెట్టాలంటే చాలదు. అక్కడ కోడి చేసే పనిని యంత్రం చేయాలి.

ఆ యంత్రం రావు గారు కనిపెట్టింది కాదు. ఈజిప్టులో మట్టి పొయ్యిల గదుల్లో వేల ఏళ్ళ నాడే గుడ్లు పొదిగించారు. అమెరికాలో పీటర్‌సైమ్ కుటుంబం 1922లో పూర్తిగా కరెంటుతో నడిచే ఇంక్యుబేటరును తెచ్చింది. ఆ కాలపు ఇంక్యుబేటర్లు చాలావరకు చెక్కతో చేసిన బీరువాలే. చెక్క వేడిని త్వరగా బయటికి పోనివ్వదు కాబట్టి మన దేశంలో కూడా చిన్న హేచరీల్లో చాలాకాలం అవే నడిచాయి.

మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అన్న, ఊళ్ళో నాన్న నాటుకోళ్ళు పెంచుతానంటే, మూతపడిన ఒక హేచరీ నుంచి అలాంటి పాత చెక్క బీరువానే కొన్నాడు. కొనేటప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళాడు. బయటి వార్నిషు చూసి మోసపోవద్దని అక్కడి ముసలి పనివాడు ముందే హెచ్చరించాడు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూపించాడు. కాగితం సులువుగా జారి వస్తే వేడి కూడా అక్కడి నుంచే పోతుందన్నమాట. లోపలి మూలల్లో బూజు వాసన ఉండకూడదు. చెక్క పగుళ్ళలో దాక్కున్న బూజు పుట్టబోయే పిల్లల ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం ఈథరు నింపిన చిన్న లోహపు బిళ్ళ. అది వేడికి ఉబ్బి స్విచ్చిని నొక్కి హీటరును ఆపుతుంది. దానికి చిల్లి పడితే హీటరు ఆగదు, గుడ్లు ఉడికిపోతాయి. అన్న బిళ్ళ కొత్తది వేయించాడు, వైరింగు మొత్తం మార్పించాడు, రెండు రోజులు ఖాళీగా నడిపి చూసి ఆ తరువాతే గుడ్లు పెట్టాడు. వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, తడి తగ్గకూడదు, గాలి ఆడాలి, గుడ్లను రోజూ పలుమార్లు అటూ ఇటూ వంచాలి. 18వ రోజు నుంచి వంచడం ఆపి తడి పెంచాలి. కోడి ఇవన్నీ ఏ చదువూ లేకుండా చేస్తుంది మరి!

పెద్ద హేచరీలో జరిగేది కూడా ఇదే. బీరువా గది అవుతుంది, వందల గుడ్లు వేలు, లక్షలు అవుతాయి. 21 రోజులు మాత్రం మారవు.

రావు గారు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. తరువాతి కాలంలో పుణె ఆ సంస్థలకు కేంద్రమైంది. యంత్రం ఎంత మంచిదైనా అందులో పెట్టే గుడ్డు మంచి జాతిది కాకపోతే ఫలితం లేదు. అందుకే ఆయన అమెరికాలోని బాబ్‌కాక్, కాబ్ సంస్థలతో కలిశారు. మాంసం కోళ్ళలో వెన్‌కాబ్ అనే పేరు అలా రెండు పేర్లు కలిసి పుట్టిందే. గుడ్ల కోళ్ళలో బి.వి.-300 వచ్చింది. అది ఒక్క కాపులో 300కు పైగా గుడ్లు పెడుతుంది. గంప కింది కోడితో పోల్చి చూడండి.

అయితే ఆయనను రైతులు తలుచుకునేది ఇందుకు కాదు. గుడ్లు పెరిగాక ధర పడిపోయింది. 1981 ప్రాంతంలో గుడ్డు ధర ఉత్పత్తి ఖర్చు కన్నా దిగువకు వెళ్ళి ఎందరో రైతులు ఫారాలు మూసుకున్నారు. ధర చెప్పేది వ్యాపారి. గుడ్డును దాచుకోవడానికి రైతుకు వీలు లేదు, ఎండాకాలం ఎక్కువ రోజులు ఆగితే చెడిపోతుంది. కోడికి మేత ఆపడానికీ వీలు లేదు. అందుకే చెప్పిన ధరకు ఇచ్చి తల వంచుకుని ఇంటికి పోయేవాడు. మన అమ్మానాన్నలు టమాటా, మిర్చి మార్కెట్టుకు తీసుకెళ్ళి ఎలా తిరిగొచ్చేవారో చూసిన మనకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు రావు గారు కొందరు రైతులను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగారు. 300కు పైగా సమావేశాలు పెట్టారు. గుడ్డు తనదైనప్పుడు దాని ధర, దానితో ముడిపడిన బతుకు కూడా రైతు చేతిలోనే ఉండాలన్నది ఆయన పిలుపు. 1982 మే నెలలో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ట్రస్టుగా రిజిస్టరైంది. మన పేపర్లలో నెక్ అని రాసేది దాన్నే. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, ఉభయ గోదావరి జిల్లాలు, విశాఖ, చిత్తూరు ఇలా ప్రాంతాల వారీగా రోజూ ధర ప్రకటించడం మొదలైంది. ఇది ప్రభుత్వ ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. అందరూ కలిసి నిలబడితేనే దానికి విలువ. హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు గుడ్లు కొనే టెండర్లలో కూడా తరచుగా ఈ రేటే ఆధారం. రోజూ గుడ్డు తినమని దూరదర్శన్‌లో పాటతో వచ్చిన ప్రకటన కూడా ఈ సంఘానిదే.

ఇందులో స్వార్థం లేదని నేను అనను. ఫారాలు మూతపడితే పిల్లలు అమ్మే హేచరీ కూడా మూతపడాల్సిందే. కానీ స్వార్థం ఉన్న ప్రతివాడూ 300 సమావేశాల్లో రైతుల ముందు నిలబడి మాట్లాడలేదు కదా! ఇంకో మాట కూడా చెప్పాలి. నేడు పిల్ల, మేత, మందు అన్నీ ఒకే పెద్ద సంస్థ నుంచి తీసుకుని, కిలోకు ఇంత అని పెంపకం కూలి అందుకునే బ్రాయిలర్ రైతులు మన జిల్లాల్లో చాలామంది. వాళ్ళు ధర చెప్పే స్థితిలో లేరు. గుడ్ల రైతుకు దొరికింది వాళ్ళకు ఇంకా దొరకలేదు.

రావు గారికి 1990లో పద్మశ్రీ వచ్చింది. కోళ్ళ పెంపకంలో శిక్షణ ఇచ్చే సంస్థ పుణె దగ్గర ఆయన పేరుతోనే నడుస్తోంది. 1996లో ఆయన కన్నుమూశాక కుమార్తె అనురాధా దేశాయ్ బాధ్యతలు చేపట్టారు.

ఆయన పోయిన రెండేళ్ళకు, 1998లో, మాదాపూర్ రాళ్ళ మధ్య సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఇప్పుడు అక్కడి పి.జి. హాస్టళ్ళ సందుల్లో తెల్లవారకముందే గుడ్ల ట్రేలతో ఆటోలు దిగుతాయి. ఆమ్లెట్ బండి అన్న ముందు ఫోన్ తీసి ఆ రోజు నెక్ రేటు చూస్తాడు, ఆ తరువాతే ట్రేలు దింపమంటాడు.